కిటికీలో తాపీ

“ఈ మేస్త్రిగారు మధ్యలో వదిలేసి వెళ్ళిపోతే మన గతేంటండీ?” అంది వీరలక్ష్మి.

అప్పటికి ఇంకా పునాది తవ్వలేదు. ముగ్గు పొయ్యలేదు. మేస్త్రి ఎవరన్నదే తేలలేదు. అయినా రాబోయే కీడును ముందుగా పసిగట్టి పైకి అనెయ్యడం ఇరవయ్యారేళ్ళ సంసారంలో వీరలక్ష్మికి అబ్బిన విద్య. బళ్ళో ఏడో తరగతి దాకానే చదివింది గానీ, భయపడటంలో ఆవిడ చదవని చదువు లేదు.

“చూద్దాంలే,” అన్నాడు భర్త వీరవెంకటరమణ. ఆయన కొబ్బరికాయల వ్యాపారి. కాయని చెవి దగ్గర ఊపి లోపల ఎన్ని నీళ్ళున్నాయో చెప్పగలడు. మనుషుల విషయంలో మాత్రం ‘చూద్దాంలే’ దగ్గరే ఆగిపోతాడు.

ఇక్కడ లోకహితం కోరి ఒక సంగతి చెప్పక తప్పదు. కోనసీమలో మనిషి మార్చుకోలేనిది లేదు. పార్టీ మార్చవచ్చు, మతం మార్చవచ్చు, వరిచేను తవ్వి రొయ్యల చెరువుగా మార్చవచ్చు, కోర్టుకెళ్ళి ఓపిక పడితే మొగుణ్ణి కూడా మార్చవచ్చు. సగం కట్టిన ఇంటికి మేస్త్రిని మార్చినవాడు మాత్రం గోదావరి పాయల మధ్య ఇంతవరకు పుట్టలేదు.

ఉప్పలగుప్తానికి రెండు మైళ్ళ ఇవతల, తాటాకిల్లు పీకేసిన చోటే మాఘమాసంలో కొత్త ఇల్లు మొదలైంది. దొడ్డి మూల కొబ్బరాకుల పాక వేసుకుని మొగుడూ పెళ్ళాం అందులోకి మారారు. కొత్తపేటలో ఇచ్చిన కూతురు సాయిదుర్గకి జ్యేష్ఠంలో పురుడు. తొలిచూలు పుట్టింట్లో జరగాలి. అందుకు ముందుగా పుట్టిల్లంటూ ఒకటి ఉండాలి. వానలు పడేలోగా శ్లాబు పడకపోతే పసిగుడ్డుని పాకలో పడుకోబెట్టాలి, పైనుంచి జెర్రి పడుతుంది, పక్కనుంచి కట్లపాము వస్తుంది, కింద నుంచి నీరు ఊరుతుంది. వీరలక్ష్మి భయాలన్నిటిలోకి ఇదొక్కటే అందరూ ఒప్పుకున్నది.

మేస్త్రి అబ్బులు. మంచి పేరున్న మనిషి. ఆ పేరు ఎంత పెద్దదంటే, మనిషి రానక్కర్లేకుండా పేరే పని చేయించేది. అబ్బులు స్వయంగా వచ్చింది రెండుసార్లు. ముగ్గు పోసిన నాడు ఒకసారి, తగాదా నాడు ఒకసారి. మిగతాదంతా ఆయన మనుషులు చూశారు.

తగాదా వంటింటి కిటికీ గురించి. పొయ్యి దగ్గర నిలబడితే గేటు కనబడాలని వీరలక్ష్మి మొదటి రోజే చెప్పుకుంది. వచ్చేది చుట్టమో, దొంగో, కరెంటు బిల్లు కుర్రాడో ముందే తెలిస్తే గుండె నిబ్బరంగా ఉంటుందని. అబ్బులు మనుషులు కిటికీని రెండో వైపు పెట్టారు. అటు పక్కింటివాళ్ళ గేదెల పాక.

“జీవితాంతం ఆ గేదె మొహం చూస్తా అన్నం వార్చాలాండీ నేను?” అంది వీరలక్ష్మి.

“గేదంటే లక్ష్మి కదండీ,” అన్నాడు అబ్బులు.

“లక్ష్మయితే గేట్లోంచి రావాలండి. కిటికీలోంచి నెమరేస్తా చూడ్డమేంటండి?”

అబ్బులు కాసేపు గేదెని చూశాడు, కాసేపు గోడని చూశాడు. “ఆయ్, మార్చేద్దామండి. రేపు వస్తానండి,” అన్నాడు. చేతిలో ఉన్న తాపీని ఆ కిటికీ గట్టు మీదే పెట్టి, బండెక్కి వెళ్ళిపోయాడు. అప్పటికి గోడలు లేచాయి, శ్లాబు లేదు. ఆ మర్నాటి నుంచి పనివాళ్ళు కూడా రాలేదు.

(కాదు, కుదరదు, రాను అనే మాటలు మా వైపు వాడుకలో లేవు. నిఘంటువులో ఉన్నాయని విన్నాం. వాటన్నిటి పనీ ‘రేపు’ ఒక్కటే చూసుకుంటుంది.)

పది రోజులు ఫోను ఎత్తి “రేపేనండి అమ్మగారూ” అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. ఆయన ఫోనులో వినిపించే భక్తిపాట వీరలక్ష్మికి మొత్తం నోటికొచ్చేసింది. రెండో చరణం దగ్గర కట్టయిపోతుంది.

ఇక వేరే మేస్త్రులకి కబురు పెట్టారు. మొదట వచ్చినవాడు ఇమ్మానుయేలు మేస్త్రి. పక్క ఊరే. వీరలక్ష్మి బొండం కొట్టించి ఇచ్చింది. (బొండం తాగినంత మాత్రాన పని ఒప్పుకున్నట్టు కాదు. ఇదీ నియమమే.) ఆయన గోడలన్నీ వేలితో కొట్టి చూశాడు.

“ఎవరండీ ఈ కట్టుబడి? ఈ మూల చూడండి, నడుం నొప్పొచ్చినోడిలా వాలిపోయింది. ఇది గోడేనంటారా? వీణ్ణి...” అంటూ వంటింట్లోకి అడుగుపెట్టి, కిటికీ గట్టు మీద తాపీని చూసి ఆగిపోయాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

“ఎవరిదండి?”

“అబ్బులుగారిదండి.”

“చాలా బాగా కట్టేరండి,” అన్నాడు ఇమ్మానుయేలు. వెనక్కి నాలుగడుగులు నడిచి, గేటు దగ్గర మాత్రమే వీపు చూపించాడు.

ఆ తర్వాత వరసగా మరో ఐదుగురు వచ్చారు. రాజోలు నుంచి ఒకాయన, సఖినేటిపల్లి రేవు నుంచి ఒకాయన. అందరూ ముందు గోడని తిట్టారు, తర్వాత తాపీని చూశారు, తర్వాత గోడని పొగిడారు. ఆరు బొండాలు ఖర్చయ్యాయి.

అప్పుడు తెలిసింది అసలు చట్టం. మేస్త్రి తాపీ గోడ మీద పెట్టి వెళ్తే, తనే వచ్చి తీసుకునేదాకా ఆ గోడ అతనిది. ఇంకో మేస్త్రి దాని మీద ఇటుక పెట్టకూడదు. ఈ చట్టం ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఎవరో ఒకరు ఈపాటికి ఉల్లంఘించి ఉండేవారు.

గ్రామ సచివాలయానికి వెళ్తే ఇంజనీరింగ్ అసిస్టెంటు నిఖిత ఎంతో మర్యాదగా కుర్చీ వేసింది. “ఇళ్ళ యాప్‌లో మేస్త్రి మార్పు అనే ఆప్షన్ ఉందాంటీ,” అంది. వీరలక్ష్మి దణ్ణం పెట్టుకుంది. కారణం అడిగింది యాప్. మూడు కారణాలున్నాయి. మరణం, విదేశీ ప్రయాణం, ఇతరములు. ఇతరములు నొక్కితే యాప్ మూసుకుపోయింది.

“విదేశం అని పెట్టెయ్యమ్మా. ఎక్కడున్నాడో మనకి తెలీదు కదా,” అంది వీరలక్ష్మి.

పెట్టారు. ఓటీపీ అడిగింది. ఓటీపీ పాత మేస్త్రి ఫోనుకి వెళ్తుంది.

“ఆయన చెప్తే వెంటనే అయిపోద్దాంటీ,” అంది నిఖిత. ఫోను చేశారు. భక్తిపాట రెండో చరణం దాకా వచ్చింది. ఆఫీసులో ఇద్దరు కళ్ళు మూసుకున్నారు కూడా.

ఇక మిగిలింది తీరప్రాంత తాపీమేస్త్రుల పరస్పర గౌరవ సంఘం. ఇది అమావాస్యకి మాత్రమే కూర్చుంటుంది, ఎందుకంటే అమావాస్యకి మేస్త్రులు పని ముట్టరు. అధ్యక్షుడు దేవసహాయం ప్రతి ఆదివారం చర్చిలో ముందు బల్ల మీద కూర్చునే మనిషే. అయినా అమావాస్య సెలవు మాత్రం సర్వమత సమ్మతం. చైత్ర అమావాస్య నాడు సిమెంటు కొట్టు పక్కన రేకుల షెడ్డులో వీరలక్ష్మి దంపతుల కేసు విచారణకి వచ్చింది.

దేవసహాయం కళ్ళజోడు పెట్టుకుని, వాళ్ళు వెంట తెచ్చిన తాపీని చేతిలోకి తీసుకున్నాడు. అది అద్దంలా ఉంది. అందులో ఆయన మీసం కనబడింది.

“రోజూ పని జరుగుతున్నట్టుందే,” అన్నాడు. “మరి ఫిర్యాదు దేనికండి?”

“పనెక్కడండి? నేనే తుడుస్తున్నానండి,” అంది వీరలక్ష్మి.

“తుడుస్తున్నారా?”

“బయటుంటే ఎవరన్నా పట్టుకుపోతారేమోనని పొద్దుగూకితే పాకలోకి తెచ్చుకుంటానండి. తెల్లారి మళ్ళీ గట్టు మీద పెట్టేస్తానండి. తుప్పెక్కిందంటే రేపాయనొచ్చి మా మీద పడతారేమోనని రోజూ కాస్త నూనె రాస్తన్నానండి.”

“ఏ నూనండి?”

“కొబ్బరినూనేనండి. మా చెట్ల కాయలదే.”

షెడ్డులో ఉన్న పద్నాలుగు మంది మేస్త్రులూ ఒకేసారి నిట్టూర్చారు. దేవసహాయం కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“అమ్మా, తాపీకి తుప్పు పట్టిందంటే మేస్త్రి ఆ పని వదిలేసినట్టండి. మన ఉప్పుగాలికి మూడు వారాలు చాలండి. మీరు మెదలకుండా ఊరుకునుంటే మీ ఇల్లు ఈపాటికి మీదయిపోయేదండి. మీరే దగ్గరుండి ఆయన హక్కు కాపాడేరు.”

రమణ భార్య వైపు చూశాడు. చూద్దాంలే అని కూడా అనలేదు.

తీర్పు రెండు రకాలుగా వచ్చింది. ఒకటి, నూనె ఆపి తుప్పు వచ్చేదాకా ఆగడం. రెండు, అబ్బులు సంఘం ముందుకొచ్చి ఆ తాపీ నాది కాదని నోటితో అనడం. రెండిట్లో ఏది ముందు జరిగితే అది. వాయిదా వైశాఖ అమావాస్యకి.

నెల రోజులూ వీరలక్ష్మి తుప్పుని పెంచింది. తాపీని ఉప్పునీళ్ళలో నానబెట్టింది. మజ్జిగలో ముంచింది. ఆవకాయ జాడీ పక్కన పెట్టింది. ఓ పూట రమణ దాన్ని మోటారు సైకిల్ మీద సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళి ఉప్పుగాలి తగిలించుకొచ్చాడు. లాభం లేకపోయింది. అన్నాళ్ళు తాగిన కొబ్బరినూనె ఇనుము లోపలికి ఇంకిపోయి, తాపీ నవయవ్వనంతో మెరుస్తోంది. పిడి దగ్గర ఒకరోజు గోధుమరంగు చుక్క ఒకటి కనబడింది. వీరలక్ష్మి ఆనందంతో దగ్గరికెళ్ళి చూస్తూ, అలవాటు కొద్దీ కొంగుతో తుడిచేసింది.

అదే వారం సాయిదుర్గ ఫోను చేసింది. “అమ్మా, డాక్టరమ్మ తేదీ ఇచ్చింది. ఇల్లు ఎంతవరకు వచ్చిందే?”

“వచ్చేసినట్టేనమ్మా. పైన ఒక్కటే మిగిలింది,” అంది వీరలక్ష్మి. పైనంటే ఆకాశమని చెప్పలేదు.

వైశాఖ అమావాస్య నాడు పొద్దుటి నుంచే దక్షిణం వైపు మబ్బు పట్టింది. అబ్బులు రాడనుకున్నారు. వచ్చాడు. (సంఘం వార్షిక భోజనాలు కూడా అదే రోజని తర్వాత తెలిసింది.) ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త బండి మీద నుంచి దిగి, అందరి వైపూ ఒకే నమస్కారం పెట్టాడు. “అందరూ బాగున్నారాండి?” అన్నాడు. నవ్వు ఎంత చల్లగా ఉందంటే, వీరలక్ష్మి కూడా “ఆయ్, బాగున్నామండి” అనేసి తర్వాత నాలిక కరుచుకుంది.

దేవసహాయం బల్ల మీద తువ్వాలు పరిచి దాని మీద తాపీని పెట్టాడు. “అబ్బులూ, సంఘం అడుగుతుంది. ఇది నీదా, కాదా? నీదంటే ఆ ఇంట్లో ఇంకోడు చెయ్యి పెట్టడు. కాదంటే ఇప్పుడే ఇమ్మానుయేలు వెళ్ళి శ్లాబు పని అందుకుంటాడు.”

ఇమ్మానుయేలు అప్పటికే బండి తాళం చేతిలోకి తీసుకుని ఉన్నాడు.

వీరలక్ష్మి లేచి నిలబడింది. ఇంటి దగ్గర వల్లె వేసుకొచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. “కిటికీ ఎక్కడుందో అక్కడే ఉండనీండి బాబూ. గేదెనే చూసుకుంటానండి. తప్పు నాదేననుకోండి. అమ్మాయికి నెలలు నిండినయ్యండి. కాదని ఒక్క మాటనండి చాలు.”

అబ్బులు తాపీని చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అంచు మీద బొటనవేలు నడిపాడు. వాసన చూశాడు. పద్నాలుగు మంది మేస్త్రులూ మెడలు ముందుకు సాచారు. టీ తెచ్చినవాడు గ్లాసులు దించడం మానేసి నిలబడ్డాడు. రేకుల మీద ఒక చినుకు పడింది. కాస్త ఆగి ఇంకొకటి. అబ్బులు తల ఎత్తి వీరలక్ష్మిని చూశాడు. మళ్ళీ తాపీని చూశాడు. మళ్ళీ ఆవిడని చూశాడు. ఆవిడ రెండు చేతులూ జోడించింది. చినుకులు లెక్కపెట్టడానికి వీల్లేనంతగా పెరిగాయి.

అప్పుడు అబ్బులు నోరు విప్పాడు.

“నాదేనండి,” అని తాపీని మర్యాదగా రెండు చేతులతో ఆవిడకే అందించి, అడిగాడు. “ఇంతకీ తమరిది ఏ ఊరండి?”