మాసిన మూతల మహాసంగ్రామం

హిమధూసర నవంబరు మాసమున, మధ్యాహ్నం మూడింటికే సూర్యభగవానుడు మూటాముల్లె సర్దుకొని నిష్క్రమించు స్టాక్‌హోమ్ మహానగరమున, ఒకానొక ప్రయోగశాలలో, నరాల తీగలకు మైలిన్ అను కొవ్వుతొడుగులు చుట్టు కణవీరులను పదిహేను దినములుగా కన్నబిడ్డలవలె సాకుచున్న సూక్ష్మదర్శినీ ధురంధర, నిద్రావిముఖ, తూవా అను పరిశోధకురాలికి సంభవించిన ఘోరవిపత్తును వినుడు.

ఆమెకు రెండు గిన్నెలు. ఒకదానిలో ఎలుక మెదడు కణాలు, రెండోదానిలో వెన్నుపాము కణాలు. మూతల మీద పెన్నుతో రాసిన అక్షరాలే ఆనవాలు. ఆ ఉదయం అలవాటు ప్రకారం ఆమె మూతలపై ఆల్కహాల్ చల్లి తుడవగా, అక్షరములు కరిగి, గుడ్డకంటుకొని, స్వర్గస్థములయ్యెను.

పక్కబల్ల ఏస్కిల్, ఎకసెక్కచక్రవర్తి, రెండూ పారేసి మళ్ళీ మొదలెట్టమన్నాడు.

"కణం కణమే తూవా. మెదడుదైతే ఏంటి, వెన్నుదైతే ఏంటి? గుర్తుపట్టావంటే ఇవాళ కాఫీ దగ్గర ఆఖరి దాల్చినచెక్క బన్ను మొత్తం నీదే."

సభ స్తంభించెను. ఏలన, అక్కడ ఆఖరి బన్నును మొత్తంగా తీసుకున్న నరుడు లేడు. సగం, సగంలో సగం కోసుకుంటూ, చివరకు చీమకు చాలని తునకను పళ్ళెంలో వదిలి లేచిపోవుటే మర్యాద.

"నా కణాలు పుట్టిన చోటు మర్చిపోయే రకం కాదు," అంది తూవా. "నరాలకు బదులు ఒకే రకం కృత్రిమ దారాలిచ్చా, ఒకే తిండి పెట్టా. అయినా ఎవరి పద్ధతి వాళ్ళదే. కొలుస్తా. తప్పైతే పదిహేను రోజుల పనీ నా చేత్తోనే చెత్తలో పోస్తా."

అంతట ఆ ధీరవనిత, భోజనత్యాగము గావించి, మెడ పట్టేసినను మడమ తిప్పక, గిన్నెకు వంద తొడుగుల పొడవు కొలిచెను. ఎడమ గిన్నె వీరులు పరమ పిసినారులు. దారాలకు చేతిరుమాళ్ళు చుట్టి ఊరుకున్నారు. కుడి గిన్నె వీరులో, అవే దారాలపై బారెడు మఫ్లర్లు చుట్టి పారేశారు. పొడుగు తొడుగులు వెన్నుపాము వంశలక్షణము.

"కుడిది వెన్నుపాము."

ప్రయోగశాల అధినేత్రి గున్వోర్ కుడి గిన్నె ఎత్తి అడుగు చూపింది. అక్కడ సూదితో గీసిన సన్నని గీత. మొదటిరోజు గిన్నెలు అందించేటప్పుడు వెన్నుపాముదానికి తనే గీసిందట.

"పొద్దున్నే చెప్పొచ్చుగా గున్వోర్?"

"చెప్తే కొలిచేదానివా?"

కాఫీగదిలో మూడు కొట్టెను. ఏస్కిల్ అలవాటుగా కత్తి అందుకొనగా, తూవా దానిని మెల్లగా లాగి సొరుగులో పెట్టెను. పిమ్మట సకలజనులు కళ్ళప్పగించి చూచుచుండగా, ఆ కాఫీగది చరిత్రలో ప్రప్రథమముగా, ఆఖరి బన్నును అఖండముగా ఆరగించి, విజయశంఖమునకు మారుగా, పంచదార పలుకులంటిన ఐదు వేళ్ళనూ నాకెను.