సెవిల్‌కి ఆగస్టులోనే రండి!

స్పెయిన్‌లో మా సెవిల్ చూడాలంటే ఆగస్టులోనే రావాలి! వసంతంలో రమ్మని చెప్పేవాళ్లను నమ్మకండి. వాళ్లకు మీ మేలు పట్టదు.

ఆగస్టులో ఏముంటుందంటారా? ఎండ ఉంటుంది! మధ్యాహ్నం మూడింటికి నది మీది వంతెన దాటి చూడండి. అవతలి ఒడ్డుకు మీరొక్కరే చేరతారు. మీ నీడ కూడా ఇవతలే ఆగిపోతుంది. బట్టలు తీగ మీద వేసి రెండో క్లిప్పు వెతికేలోపే ఆరిపోతాయి.

దుకాణాలన్నీ మూసేసి ఉంటాయి, పైసా ఖర్చుండదు. రొట్టెలాయన, మంగలి, చివరికి డాక్టరుగారు కూడా సముద్రపు ఒడ్డుకు చెక్కేస్తారు. ఇక జబ్బు చేసే ప్రశ్నే లేదు!

బండి గుర్రాలు సైతం మిమ్మల్ని చూసి జాలిపడతాయి. వసంతంలో వస్తే ఏ గుర్రం మీ మొహం చూస్తుంది?

మా కింది వాటాలో అంపారో మామ్మ ఉండేది. ఎండాకాలం సాయంత్రాలు ఆవిడా మా అమ్మమ్మా వీధిలో కుర్చీలు వేసుకుని, వచ్చేపోయేవాళ్లందరికీ పేర్లు పెట్టేవారు. ఇంటి ఓనరు లియాండ్రో ఆవిడ చేత ఖాళీ చేయించి, వాటాను టూరిస్టులకు రోజువారీ అద్దెకిచ్చాడు. మామ్మ ఊరి చివర ఏడో అంతస్తుకు మారింది. అక్కడ పదిమందీ కనబడేలా కుర్చీ వేసుకోవాలంటే లిఫ్టులో వేసుకోవాలి! అమ్మమ్మ మాత్రం రోజూ రెండు కుర్చీలూ బయట వేస్తుంది.

మొన్న లియాండ్రో చెమటలు కక్కుతూ వచ్చాడు.

"పిన్నిగారూ, ఈ నెల ఒక్క టూరిస్టూ దిగలేదు. అంపారోగారు వచ్చి ఉంటారేమో అడుగుతారా? ఆగస్టు వరకే. కుండీలకు నీళ్లు పోసినట్టూ ఉంటుంది."

అమ్మమ్మ విసనకర్ర ఆపలేదు. "సెప్టెంబరులోనో, నాయనా?"

"అప్పటికి చల్లబడుతుంది కదండీ. మళ్లీ జనం వస్తారు."

"అయితే నువ్వింకా పచ్చిగానే ఉన్నావు. కాస్త మాగాక రా."

అతను ఖాళీ కుర్చీలో కూలబడబోయాడు.

"లే లే! అది అంపారోది."

అప్పట్నుంచీ నేను తీవ్రంగా ఆలోచిస్తున్నాను. ఆగస్టులో మీరొస్తే ఆ వాటా నిండుతుంది, లియాండ్రో మాగడు! కాబట్టి పైన రాసిందంతా మర్చిపోండి. ఆగస్టులో మాడిపోతారు, రావద్దు.

ఏప్రిల్లో వస్తారా? అంతకంటే ఘోరం! నారింజ పూల వాసనకు తల పగిలిపోతుంది. పండగ ఊరేగింపుల్లో రోడ్డు మీద కారిన కొవ్వొత్తుల మైనానికి మీ చెప్పులు అడుగడుగునా కీచుమంటాయి, పరువు పోతుంది. అక్టోబరులో గాలి మరీ హాయిగా ఉండి, ఏమీ చూడకుండానే నిద్రపోతారు. డిసెంబరులో మా అమ్మమ్మ పాటలు పాడుతుంది. ఆపైన మీ ఇష్టం.

ఏ నెలా మంచిది కాదు! పన్నెండు నెలలూ ఆ వాటా ఖాళీగా ఉండాలి. అద్దెకు మనుషులే దొరక్క, లియాండ్రో ఆ ఏడో అంతస్తుకెక్కి మామ్మను బతిమాలాలి.

ఆవిడ సామాను కింది వాటాలో దిగాక, మీకు ఏ నెల కుదిరితే ఆ నెలలో రండి. కుర్చీ మాత్రం మీరే తెచ్చుకోవాలి. మా రెండూ ఖాళీ ఉండవు.