రాజేశం తీసుకున్న లైన్‌క్లియర్

కొత్తచెర్ల మండలంలో మనిషికీ మనిషికీ మధ్య ఐసోలేటర్లు బిగించడం పూర్తయిన నాలుగో ఏడు, మామిడి రాజేశం తన అన్న ఓదెలు మీద పదిహేను రోజులకు లైన్‌క్లియర్ తీసుకుని, దాన్ని వాపసు ఇవ్వకుండానే చనిపోయాడు. ఇందులో వింతేమీ లేదు. అట్లాంటి కేసులు మండలానికి ఏటా ఇరవై ముప్పై ఉంటాయి. కాస్త ఇబ్బందల్లా ఆ లైన్‌క్లియర్ రాసిచ్చింది కూడా ఓదెలే కావడం. అతను అక్కడి సంబంధాల సబ్‌స్టేషన్‌లో పగటి షిఫ్టు ఆపరేటరు.

సబ్‌స్టేషన్ అంటే పెద్ద హంగామా ఏమీ కాదు. మండలాఫీసు వెనక కంకర పరిచిన అరెకరం జాగా. వరసగా ఇనుప చట్రాలు, వాటి మీద పింగాణీ గిన్నెలు, గిన్నెల మీద రాగి బ్లేళ్లు, కింద నిలువెత్తు హ్యాండిల్. ప్రతి హ్యాండిల్‌కూ ఒక రేకు. 'గుండా మల్లేశం, గుండా పోచయ్య, అన్నదమ్ములు' అని ఒక దాని మీద, 'సుగుణ, ప్రమీల, తోడికోడళ్లు' అని ఇంకో దాని మీద రాసి ఉండేది. తోడికోడళ్ల హ్యాండిళ్లకు వాడకం ఎక్కువని గ్రీజు రెండు పూతలు పూసేవాళ్లు. లోపల గదిలో ఒక్కో జంటకు రెండేసి మీటర్లు. ఇద్దరి మధ్య ఎంత ఉందో ఒకటి చెబుతుంది, అందులో ఎంత పారుతోందో రెండోది చెబుతుంది.

అంతకుముందు బ్రేకర్లు మాత్రమే ఉండేవి. ఇద్దరికి చెడితే బ్రేకరు దానంతటదే పడిపోయి మాటలు ఆగిపోయేవి. అంతవరకు బాగానే ఉంది. కానీ బ్రేకరు మూసిన డబ్బా. లోపల ముక్కలు నిజంగా విడిపోయాయో, అతుక్కునే ఉన్నాయో బయటి నుంచి ఎవరికీ తెలియదు. ఏడాది పాటు మొహాలు చూసుకోని అన్నదమ్ముల మధ్య కూడా లోలోపల కరెంటు పారుతూనే ఉండేది. అది తెలియక గంప నర్సింహులు అనే పెద్దమనిషి, ఎనిమిది నెలలుగా నిమ్మళంగా ఉన్న ఇద్దరి మధ్యకు వెళ్లి, ఒక్క కడుపున పుట్టినవాళ్లు మీకేమొచ్చిందిరా అన్నాడు. ఆయన కనుబొమలు ఇప్పటికీ మొలవలేదు. ఆ తర్వాతే ఉత్తర్వు వచ్చింది. ఎడబాటు అనేది ఉంటే కంటికి కనిపించి తీరాలని దాని సారాంశం.

ఐసోలేటరు చేసే పని ఆ ఒక్కటే. కరెంటును ఆపే శక్తి దానికి లేదు. ఆపాల్సింది బ్రేకరు. ఆగిపోయాక రాగి బ్లేడు నోరు తెరిచి, మధ్యలో మూరెడు ఆకాశం చూపిస్తుంది. ఇక్కడ ఏమీ లేదు, నిర్భయంగా తిరగొచ్చు అని దారినపోయేవాడికి కూడా అర్థమవుతుంది. ముందు బ్రేకరు, తర్వాత ఐసోలేటరు. కలిపేటప్పుడు ముందు ఐసోలేటరు, తర్వాత బ్రేకరు. ఈ మాట ఓదెలు రోజుకు పాతికసార్లు కిటికీలోంచి చెప్పేవాడు. పారుతున్న లైను మీద ఐసోలేటరు లాగితే బ్లేళ్ల మధ్య మంట లేస్తుంది, అది ఓ పట్టాన ఆరదు. ఒక భర్త కోపం పట్టలేక గోడ దూకి వచ్చి అట్లాగే లాగాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ బతికే ఉన్నారు, ఆ మచ్చలను బట్టి ఊరంతా గుర్తుపడుతుంది. ఓదెలు చేతి మీదుగా మాత్రం నాలుగేళ్లలో ఒక్క నిప్పురవ్వ లేవలేదు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకునేవాడు కాదు గానీ, ఎవరైనా చెబుతుంటే ఆపేవాడూ కాదు.

లైను తెరిచాక దానికో కాగితం రాసిస్తారు. అదే లైన్‌క్లియర్, వాడుకలో ఎల్సీ. తీసుకున్న మనిషే, ఆ కాగితంతో, స్వయంగా వచ్చి వాపసు ఇవ్వాలి. అప్పుడే హ్యాండిల్ తాళం తీస్తారు. ఇది కరెంటు స్తంభాల మీద పనిచేసేవాళ్ల దగ్గర పుట్టిన రూలు. పైనున్నవాడు దిగాడని కింద ఇంకెవరో చెబితే నమ్మి స్విచ్చి వేసిన పాపానికి ఎంతమంది పోయారో. కాబట్టి రూలు మంచిదే. ఓదెలుకు ఆ రూలంటే గౌరవం, ఇంకా చెప్పాలంటే ప్రేమ.

అన్నదమ్ములకు చెడింది తలకాయ కూర దగ్గర. రాజేశం కొత్తింటి దావత్‌లో యాటను కోశారు. తలకాయ ఇంటి పెద్దకు పెట్టడం వాళ్లలో ఆనవాయితీ. వడ్డించే హడావుడిలో రాజేశం దాన్ని తన బావమరిది విస్తట్లో వేయించాడు. ఓదెలు చేయి కూడా కడుక్కోకుండా లేచాడు. తమ్ముడు గేటు దాకా వెంటపడి వచ్చి బతిమాలాడు. అన్న వినలేదు. ఇక నీకూ నాకూ ఏమీ లేదన్నాడు. ఇంటికొచ్చే బంధువులను కూడా రిజిస్టరులో ఎక్కించుకునే మనిషివి నువ్వని తమ్ముడూ అనేశాడు. అక్కడికక్కడే బ్రేకరు పడిపోయింది.

పన్నెండు రోజులు మాటల్లేవు. పదమూడో రోజు రాజేశం కిటికీ దగ్గరకు వచ్చి అందరిలాగే కాగితం అడిగాడు. కారణం అని ఉన్నచోట 'మెయింటెనెన్స్' అని రాశాడు. అందరూ అదే రాస్తారు. ఏం బాగు చేసుకుంటారో ఇంతవరకు ఎవరూ అడగలేదు. సొంత లైను ఆపరేటరు ముట్టకూడదు. కానీ రెండో ఆపరేటరు పోస్టు ఎప్పటినుంచో ఖాళీ. పై ఇంజనీరు ఏఈ ఫోనులోనే సరే అనేశాడు. ఓదెలు వెళ్లి హ్యాండిల్ లాగాడు. బ్లేడు మెల్లగా పైకి లేచింది. రవ్వ కూడా రాలేదు. బిగుతు చెప్పులు విప్పినంత హాయిగా అనిపించింది అతనికి. తాళం వేసి, ఎర్ర బోర్డు తగిలించి, కాగితం తమ్ముడి చేతిలో పెట్టాడు. ఇద్దరూ ముక్తసరిగా నమస్కారం పెట్టుకున్నారు.

పదిహేను రోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. గడువు దాటితే ఏం చేయాలో ఫారంలో గడి లేదు కాబట్టి గడువు దానంతటదే సాగింది. తొమ్మిది నెలలు. అన్నదమ్ములు ఛాయ్ హోటల్లో ఎదురెదురుగా కూర్చుని పేపరు షీట్లు మార్చుకునేవాళ్లు. రాజేశాన్ని చూస్తే ఓదెలుకు బస్సు కండక్టరును చూసినట్టు ఉండేది. కోపం లేదు, ఏమీ లేదు. నిజం చెప్పాలంటే అంత ప్రశాంతంగా వాళ్లు ఎప్పుడూ లేరు. ఓదెలు భార్య సత్తెమ్మకూ మరిదికీ ఉన్న లైను మాత్రం కలిపే ఉంది. ఆమె పోయి వస్తూ ఉండేది. మరిది చిక్కిపోయాడని, కాలేయం చెడిందంటున్నారని, కరీంనగర్ దవాఖానా వాళ్లు పెదవి విరిచారని చెప్పేది. ఓదెలు వానొచ్చే సూచన విన్నట్టు విని, అన్నం పెట్టమనేవాడు.

ఒక గురువారం మధ్యాహ్నం మూడుంబావుకు రాజేశం సబ్‌స్టేషన్‌కు వచ్చాడు. ఎండలో కూడా శాలువా కప్పుకున్నాడు. గేటు నుంచి కిటికీ దాకా రావడానికి మూడుచోట్ల ఆగాడు. ఓదెలు అది చూశాడు. చూసి, ఈ దరఖాస్తుదారుకు ఒంట్లో బాగాలేదనుకున్నాడు.

"అన్నా, ఎల్సీ వాపస్ ఇద్దామని వచ్చిన," అన్నాడు రాజేశం.

ఓదెలు కాగితం అడిగాడు. రాజేశం శాలువా కింద జేబులన్నీ వెతికి, దవాఖానా చీటీలు బయటపెట్టాడు. వాటిలో అది లేదు. ఇంట్లోనే ఎక్కడో పెట్టానని, నంబరు మాత్రం గుర్తుందని చెప్పాడు. నంబరు సరిగ్గానే చెప్పాడు. ఓదెలు రిజిస్టరు తీసి చూసి, నంబరు సరిపోయింది గానీ కాగితం లేనిదే తీసుకోవడం కుదరదన్నాడు.

"డాక్టరు చెప్పిండు, ఎక్కువ దినాలు లేవని," రాజేశం కిటికీ చువ్వ పట్టుకున్నాడు. "ఇంటికొచ్చి ఒక్కొక్కల్లను యాది చేసుకున్న. నా పెండ్లాం యాదికొస్తే ఏడుపొచ్చింది. వదిన యాదికొస్తే ఏడుపొచ్చింది. నువ్వు యాదికొస్తే ఏం రాలే అన్నా. గందుకే భయమైంది. ఏదో ఉండె గద మనకు. గది చూస్కొని పోదామని వచ్చిన."

"రేపు కాయితం పట్టుకొని రా. నాలుగు గంటలలోపల వస్తే కలుపుత," అన్నాడు ఓదెలు.

"మల్ల రాలేనేమో."

"రూలు నేను రాసింది గాదు గదా."

తమ్ముడన్నవాడు ఎదురుగా నిలబడి అంత మాట అడిగితే రాయైనా కరుగుతుంది. ఓదెలు రాయి కాదు. రూలు పక్కన పెట్టాలంటే మనిషికి లోపల ఏదో ఒకటి పారాలి. అది పారే దారిలోనే మూరెడు ఆకాశం ఉంది, దానికి తాళం ఉంది, తాళం చెవి అతని నడుముకే ఉంది. రాజేశం కాసేపు మెట్ల మీద కూర్చుని, ఆటో పిలిపించుకుని వెళ్లిపోయాడు. శుక్రవారం లేవలేకపోయాడు. సోమవారం పొద్దున పోయాడు.

ఓదెలు చావుకు వెళ్లాడు. పాడె పట్టాడు. చేయాల్సినవన్నీ వరస తప్పకుండా చేశాడు, ఎవరైనా తప్పితే సరిచేశాడు కూడా. కంట్లో చుక్క నీరు లేదు. మామిడోళ్ల పెద్దోడు గుండె రాయి చేసుకున్నాడని కొందరు మెచ్చుకున్నారు. అసలు సంగతి సత్తెమ్మకే తెలుసు. పన్ను పీకేముందు సూది వేసిన చెంపలాగా ఉంది అతనికి. తడిమితే తనదేనని తెలుస్తోంది, అంతే. నొప్పి ఎక్కడుందో కనబడలేదు. నొప్పి లేకపోవడమే మెల్లమెల్లగా అతన్ని తినేయడం మొదలుపెట్టింది.

లైను కలపనివ్వమని ఏఈకి అర్జీ పెట్టుకున్నాడు. ఐదో రోజున జవాబు వచ్చింది. లైన్‌క్లియర్‌ను తీసుకున్నవారే వాపసు ఇవ్వవలెను, తీసుకున్నవారు మరణించినచో ఆ విషయాన్ని ధ్రువపరుస్తూ వారి సంతకంతో కూడిన లేఖను జతపరచవలెను అని ఉంది. ఓదెలు దాన్ని రెండుసార్లు చదివాడు. నాలుగేళ్లుగా ఇట్లాంటి కాగితాలు ఎంతమందికి చదివి వినిపించాడో లెక్కలేదు. వాళ్లందరూ ఎందుకు అట్లా నిలబడిపోయేవాళ్లో అప్పటిదాకా తెలియలేదు.

పదకొండో రోజు కర్మలు అయ్యాయి. మర్నాడు డ్యూటీకి వచ్చి, మధ్యాహ్నం అన్నం వేళ కిటికీ మూసి, చట్రాల మధ్యకు నడిచాడు. తమ్ముడి కాగితం దొరకలేదు. తాళం తీశాడు, ఎర్ర బోర్డు దించాడు, హ్యాండిల్ తిప్పాడు. బ్లేడు మూరెడు ఆకాశాన్ని దాటివచ్చి తన గాడిలో కూర్చుంది. ముందు ఐసోలేటరు, తర్వాత బ్రేకరు. తప్పు చేస్తున్నప్పుడు కూడా వరస తప్పలేదు. లోపలికి వచ్చి బ్రేకరు మీట నొక్కాడు.

మొదటి మీటరు ముల్లు ఒక్క ఊపున చివరిదాకా పోయింది. రాజేశానికి తొమ్మిదేళ్లప్పుడు, పొలం గట్టు మీద పాములంటే అన్నకు భయమని, కర్రతో గడ్డిని కొట్టుకుంటూ తనే ముందు నడిచేవాడు. అన్న ఎందుకు వెనక నడుస్తున్నాడో ఎవరికీ చెప్పేవాడు కాదు. అది వచ్చింది ముందు. తర్వాత మెట్ల మీద శాలువా కప్పుకుని కూర్చున్న వీపు వచ్చింది. నేను లేచి తలుపు తీయలేదే అనుకున్నాడు ఓదెలు. మంచినీళ్లైనా ఇవ్వలేదే అనుకున్నాడు. టేబులు పక్కన నేల మీద కూర్చున్నాడు. కన్నీళ్లలోంచే రెండో మీటరు చూశాడు. దాని ముల్లు సున్నా మీదే ఉంది. ఎంత సేపు చూసినా కదల్లేదు. ఇటు నుంచి మొత్తం ఉంది. తీసుకోవడానికి అటు చివర మనిషి లేడు. పారని కరెంటు ఖర్చు కాదు, తగ్గదు. ఆపరేటరు కాబట్టి ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

చేసిందంతా తనే లాగ్ షీటులో రాసుకున్నాడు. వారం తర్వాత ఏఈకి పైఅధికారి డీఈ తనిఖీకి వచ్చాడు. నెమ్మదస్తుడు. షీటు చదివి, చట్రాల దాకా వెళ్లి చూసి వచ్చి, మెమో ఏమీ ఇవ్వలేదు.

"ఏం పర్వాలేదు ఓదెలూ, ఐడిల్ చార్జ్ అని రాసుకో," అన్నాడు. "లోడు లేకున్నా లైన్ల కరెంటు ఉంచడం మంచిదే. చల్లారిపోతే దొంగలు తీగెలు ఎత్తుకపోతరు."

"ఎన్ని దినాలు సార్?"

"ఇటు చివర ఉన్నన్ని దినాలు."

జిల్లాలో సగం లైన్లు అట్లానే ఉన్నాయని, తనవి కూడా రెండున్నాయని, కొన్నాళ్లకు ఖాళీ లైను చేసే మోత అలవాటవుతుందని డీఈ చెప్పాడు. ఛాయ్ తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు పది గంటలకు ఓదెలు కిటికీ తెరిచాడు. వరసలో మొదట సరోజన అనే ఆవిడ నిలబడింది. చెల్లెలి మీద పదిహేను రోజులకు కావాలంది. ఓదెలు ఫారం ఇచ్చాడు. తర్వాత, రూలుకు పూర్తిగా విరుద్ధంగా, వాపసు ఫారం కూడా తీసి దాని పక్కన పెట్టాడు.

"దీంట్ల కూడా ఇయ్యాల్నే సంతకం పెట్టి పోరాదమ్మా. నువ్వు రాకున్నా నేను కలుపుత."

ఆవిడ రెండు కాగితాలనూ మార్చి మార్చి చూసింది. "నేను రాకుంట ఏడికి పోత సారూ. పదిహేను దినాలే గద," అని వాపసు ఫారం వెనక్కి నెట్టింది. వెనక ఉన్నవాళ్లు తొందర పెడుతున్నారు. కారణం దగ్గర ఏం రాయాలని అడిగింది. ఓదెలు చెప్పాడు. ఆవిడ రాసింది. అతను వెళ్లి హ్యాండిల్ లాగి, తాళం వేసి వచ్చాడు. సాయంత్రం అయ్యేసరికి అట్లాంటివి పదిహేడు రాసిచ్చాడు. ప్రతి ఒక్కరినీ ఆ రెండో సంతకం అడిగాడు, ఒక్కరూ పెట్టలేదు. వాపసు ఇవ్వడానికి ఎవరూ రాలేదు. షిఫ్టు దిగేముందు లాగ్ షీటులో ప్రమాదాలు అని ఉన్న గడిలో సున్నా వేసి, కింద సంతకం చేశాడు.