ప్రయాణం పోయిన పలక

పోవడం తప్పు కాదు, ఉండిపోవడమూ తప్పు కాదు, తప్పంతా రెంటిలో ఒకటి ఎంచుకోవడంలోనే ఉంది, అనుకున్నాడు విరూపాక్ష వేపపుల్ల నములుతూ. పటాన్‌చెరులో ఇంగ్లీషు బడి ఉంది. టైలు, బూట్లు, పిల్లల కోసం నీలం రంగు బస్సు. ఇక్కడ జహీరాబాద్‌లో కూతురు గిరిజ చదివే సర్కారు బడి ఉంది. వాన పడితే రెండో తరగతీ మూడో తరగతీ ఒకే గదిలోకి జరుగుతాయి. కానీ అక్కడ హెడ్మాస్టర్ మదన్‌మోహన్ సార్ ఉన్నాడు. గిరిజ నోరు తెరిచి పద్యం చెప్పేది ఆయన ముందే. ఏప్రిల్‌లో పటాన్‌చెరు బడివాళ్ళు అడిగిన ఒక్క ప్రశ్నకూ ఆ పిల్ల జవాబు చెప్పలేదు. అయినా సీటు ఖాళీ అయితే మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెడతామన్నారు. నిన్న బావమరిది బసవరాజ్ అక్కడి నుంచి కబురు పంపాడు. ఎవరో పిల్ల మానేసేలా ఉందట, ఆ సీటు దొరుకుతుందట, బడి పక్కనే కిరాయికి ఇల్లు కూడా ఉందట.

విరూపాక్ష మార్కెట్ కమిటీలో గుమాస్తా. అల్లం బస్తాను కాలితో కదిపి లోపల తడి ఎంతుందో చెప్పగలడు. ఇంటి సంగతికి వచ్చేసరికి మూడు నెలలుగా 'చూద్దాం' అంటున్నాడు. అతనికి ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి బీదర్ దగ్గరి కన్నడ బడి మాన్పించి ఇక్కడి తెలుగు బడిలో వేశాడు. ఆ ఏడాదంతా అతను తరగతిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మనసులోకి వచ్చినా ఎక్కువసేపు కూర్చోనివ్వడు.

చిక్కేమిటంటే రేపటి నుంచి మూఢం. మూడు నెలలు ఇల్లు మారకూడదు, బడి మార్చకూడదు. పంచాంగం చూసే అయ్యగారు దీనికో ఉపాయం చెప్పాడు. ప్రస్థానం పెట్టాలి. ముహూర్తానికి బయల్దేరలేనివాళ్ళు సామానులోంచి ఒక సంచి తీసి పక్కింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. మనుషులు తీరిగ్గా తర్వాత వెళ్ళవచ్చు. విరూపాక్షకు ఇంతగా నచ్చిన ఆచారం ఇంకొకటి లేదు. పోయినట్టూ ఉంటుంది, పోనట్టూ ఉంటుంది. ఇక నిదానంగా ఆలోచించుకోవచ్చు.

ఏడుంబావుకు సంచిలో బియ్యం, పసుపుకొమ్ము, కొత్త తువ్వాలు వేశాడు. ప్రయాణం చదువు కోసం కనక గిరిజ పలక కూడా వేశాడు. భార్య మహాదేవమ్మ గుమ్మంలో నిలబడి, పోతున్నామా ఉంటున్నామా అని అడిగింది. సంచి మాత్రం పోతోందని చెప్పాడు. పక్కింటి సుగుణమ్మ దాన్ని దేవుడి గూటి కింద పెట్టుకుని, ఒక మాట గుర్తుచేసింది.

"సంచి మళ్ళ మీ గడప తొక్కొద్దు విరూపాక్షా. తొక్కితే పిల్ల చదువుకు అడ్డం పడ్తదంటరు."

ఈ నియమం అయ్యగారు చెప్పలేదు.

గిరిజ వట్టి చేతులతో బడికి వెళ్ళింది. పలకేదని అడిగితే, "ప్రయాణం పోయింది సార్" అంది. మదన్‌మోహన్ సార్ ప్రస్థానం పద్ధతులు తెలిసిన మనిషి. ఇంకో ప్రశ్న అక్కర్లేకపోయింది. విరూపాక్ష మొహమాటస్తుడని ఆయనకు తెలుసు. పాపం, అడగలేకపోతున్నాడు, మూఢంలో కాగితాల కోసం తిరగడం దేనికని టీసీ తనే రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు. బడి మానడానికి కారణం అన్నచోట, 'తండ్రి వేరే ఊరికి వెళ్ళినందున' అని రాశాడు. తరగతి చేత వీడ్కోలు పాట పాడించాడు. మధ్యాహ్నం గిరిజ మెడలో కనకాంబరాల దండతో, చేతిలో కాగితంతో ఇంటికి వచ్చింది. అన్నం తిని మళ్ళీ బడికి పోవచ్చా అని తల్లిని అడిగింది. మహాదేవమ్మ ఆ దండ తీసి మేకుకు తగిలించి, అన్నం పెట్టింది.

అప్పటికి సుగుణమ్మ సంచి సంగతి నల్లా దగ్గర ఇద్దరికి చెప్పింది. జహీరాబాద్‌లో ఇద్దరికి చెబితే చాలు. పదకొండింటికి మార్కెట్ కమిటీలో విరూపాక్ష పై అధికారి రామ్‌కిషన్ చాయ్ తెప్పించి, పటాన్‌చెరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోవడం కష్టమే కనక తొందరగా ఇంటికి పోయేలా తలుపు పక్క టేబుల్ ఇస్తానన్నాడు. కిటికీ పక్కన ఉన్న అతని టేబుల్ అప్పటికే వేరొకరిది అయిపోయింది. విరూపాక్ష "చూద్దాం సార్" అన్నాడు. రామ్‌కిషన్ దాన్ని మర్యాద కింద లెక్కేశాడు. సంచి పెట్టాను గాని పోవడం లేదు అని మనసులో ఒకసారి అనుకుని చూశాడు. మతి ఉన్నవాడి మాటలా వినిపించలేదు. పోవడం లేదని కూడా తనకు గట్టిగా తెలియదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఇంటి యజమాని జగ్గయ్య వంటగది గోడ తట్టి చూపిస్తున్నాడు. అతని వెనక ముప్పై ఏళ్ళ మనిషి, చేతిలో గుడ్డ సంచి. ఆ సంచి కొసను పట్టుకుని గిరిజ ఈడు పిల్ల. మనిషి పేరు జగన్‌మోహన్ అని, ఇల్లు కావాలని వారం నుంచి అడుగుతున్నాడని జగ్గయ్య చెప్పాడు. ఇల్లు ఖాళీ అవుతోందని తెలిసి పిలిపించాడట.

"అన్నా," అన్నాడు జగన్‌మోహన్, "ఇక్కడ మీ బిడ్డ చదివిన బడి మంచిగుంటదా?"

"మంచిగుంటది."

"మరెందుకు తీస్తున్నరు?"

విరూపాక్ష అతని చేతిలోని సంచి వైపు చూశాడు. "మీరు యాడికెల్లి వస్తున్నరు?" అన్నాడు.

"పటాన్‌చెరు. నా బిడ్డ ఆడ ఇంగ్లీషు బడిల చదువుతది."

"ఆ బడి ఎట్లుంటది?"

"అది గూడ మంచిగనే ఉంటది."

ఖాళీ అయ్యే సీటు ఎవరిదో విరూపాక్షకు అర్థమైంది.

"మరి మీరెందుకు తీస్తున్నరు?" అన్నాడు.

"తీస్తనని ఇంకా అనుకోలేదన్నా," అన్నాడు జగన్‌మోహన్ కొంచెం సిగ్గుపడుతూ. "రేపటి సంది మూఢం గద. ఈ సంచి జర మీ ఇంట్ల పెట్టుకుంటే, ఆరాంగ ఆలోచన చేసుకుంట."

జగ్గయ్య గోడ తట్టడం ఆపాడు. మహాదేవమ్మ ఎవరి వైపూ చూడకుండా వంగి, ఆ పిల్లను పేరడిగింది. పిల్ల చెప్పలేదు.

"మాట్లాడదక్కా," అన్నాడు జగన్‌మోహన్. "బడిల తెలుగు మాట్లాడితే బెంచి ఎక్కిస్తరు. ఇంట్ల మాకు ఇంగ్లీషు రాదు. ఇంత గడగడ మాట్లాడే పిల్ల, సంక్రాంతి సంది నోరు తెరుస్తలేదు. అదే ఫికరు."

విరూపాక్ష ఆ మూసిన నోటినే చూస్తూ నిలబడ్డాడు. దాని వెనక ఏముంటుందో అతనికి తెలుసు. మాటలన్నీ ఉంటాయి. దేనికి ఎవరు నవ్వుతారో తెలియక వరుసగా నిలబడి ఉంటాయి. ఒక ఏడాది గడిచాక కొన్ని బయటికి వస్తాయి. కొన్ని 'చూద్దాం' దగ్గర ఆగిపోతాయి.

"సంచి ఈడ పెట్టకు తమ్మీ," అన్నాడు. "పెట్టినంక ఆలోచన చేసేది మనం గాదు, ఊరు చేస్తది. జగ్గయ్యా, మేం పోతలేం."

"ఈ మాట పొద్దుగాల ఏడుకే అంటే," అంది మహాదేవమ్మ, "పిల్లకు పలకన్న మిగులుతుండె."

విరూపాక్ష గిరిజ చేయి పట్టుకుని బయటికి నడిచాడు. రావద్దని ఎవరూ అనలేదు కనక జగన్‌మోహన్ కూడా సంచితో, కూతురితో వెనకే వచ్చాడు.

బడిలో మదన్‌మోహన్ సార్ బీరువాకు తాళం వేయబోతున్నాడు. సంగతి విని మళ్ళీ కూర్చున్నాడు. టీసీ ఇచ్చాక పాత పేరు పనికిరాదు, కొత్తగా చేర్చుకోవాలి, రేపటి నుంచి మూఢం కనక అదీ ఇవాళే కావాలి అన్నాడు. చేరిక కాగితం తీసి, తండ్రి సంతకం అన్నచోట వేలు పెట్టాడు.

"జర ఆలోచన చేసుకుంటవా విరూపాక్షా?"

విరూపాక్ష కలం తీసుకుని సంతకం పెట్టాడు. రెండోసారి చదవలేదు.

మదన్‌మోహన్ సార్ అదే రోజు తేదీ వేసి, బడిలో చేరడానికి కారణం అన్నచోట కాసేపు ఆగి, టీసీతో తేడా రాకుండా రాశాడు: 'తండ్రి వేరే ఊరి నుంచి తిరిగి వచ్చినందున.'