కుడివైపు వెనక చక్రం

ఆ గురువారం అబ్దుల్ హమీద్ అనుకున్నది చాలా తేలికైన ప్రయాణం. తొమ్మిదింటికి మచిలీపట్నంలో కారెక్కడం, పదకొండుకల్లా గన్నవరం విమానాశ్రయం చేరడం, రెండింటికి భార్య సాబిరాతో మక్కాకు, ఉమ్రా యాత్ర కోసం, విమానం ఎక్కడం. కారు వెనక్కి తేవడానికి అల్లుడు నదీమ్ తోడు వచ్చాడు.

యాత్రకు వెళ్ళే మనిషి అందరినీ క్షమాపణ అడిగి వెళ్ళాలి. వారం రోజులుగా హమీద్ అదే పని మీద ఉన్నాడు. తన రోల్డుగోల్డు నగల కొట్టుకు ఇరుగుపొరుగు వాళ్ళను, పాలవాడిని, ఎప్పుడో పోట్లాడిన కరెంటాఫీసు గుమాస్తాను కూడా వదల్లేదు. తిరిగి వచ్చేదాకా ఎవరిమీదా కోపపడనని నియమం కూడా పెట్టుకున్నాడు.

పామర్రు దగ్గర పడుతుండగా చక్రాల్లోంచి గుయ్యిమని శబ్దం మొదలైంది.

"ఏంటది నదీమ్?"

"రోడ్డు శబ్దం మావయ్యా."

"రోడ్డు మారింది. శబ్దం మారలేదు."

వేగం తగ్గిస్తే శబ్దం తగ్గింది. పెంచితే తేనెపట్టు కదిపినట్టు లేచింది. చక్రం ఊడి కారు కాలవలో పడితే మన కోసం విమానం ఆగుతుందా? హమీద్ పామర్రులో తనకు అలవాటైన మెకానిక్ వెంకటపతి షెడ్డు ముందు కారు ఆపాడు.

వెంకటపతి ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. "వీల్ బేరింగ్ పోయిందండీ. వెనకాలే అనిపిస్తోంది. జాకీ వేసి తిప్పితే ఏ చక్రమో తెలిసిపోద్ది."

"టాక్సీ పిలవనా మావయ్యా?" అన్నాడు నదీమ్.

"టాక్సీ ఎందుకండీ, అరగంట పని!"

హమీద్ గడియారం చూసుకున్నాడు. పది. ఎలాగూ ఆగాం కదా, ఈయన్నీ అడిగేస్తే ఒక పనైపోతుందనుకుని చేతులు జోడించాడు. "వెంకటపతి గారూ, ఉమ్రాకు వెళ్తున్నాం. నావల్ల ఏదైనా తప్పు జరిగుంటే మాఫ్ చేయండి."

వెంకటపతి చేతిలో స్పానర్ ఆగిపోయింది. "అంత మాటన్నాక నేను దాచకూడదు. పోయినేడాది ముందు కుడి చక్రానికి బేరింగ్ వేశాను కదా? ఆ రోజు కరెంటు లేదు. ప్రెస్ మిషన్ మీద పెట్టి నొక్కి ఎక్కించాల్సింది, సుత్తితో కొట్టి ఎక్కించాను. మీరే నన్ను మాఫ్ చేయాలి."

హమీద్ ముఖం ఎర్రబడింది. నియమం గుర్తొచ్చింది. "చేశాను," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"అయితే ముందు అదే చూద్దాం." చక్రం ఎత్తి తిప్పారు. వెన్నలా తిరిగింది. పదీ ఇరవై.

ఇదంతా చూసి నదీమ్‌కు గుండె కరిగింది. "మావయ్యా, బంటుమిల్లిలో మా స్నేహితుడి రొయ్యల పెట్టెలు మీ కారులోనే వేసుకెళ్ళాను. చెరువుగట్టు మీద ముందు ఎడమ చక్రం నీళ్ళలో దిగబడింది."

"రొయ్యలా? మరి నెల్లాళ్ళు ఆ వాసన..."

"మీరు ఎలుక చచ్చిందనుకున్నారు."

"మాఫ్," అన్నాడు హమీద్. క్షమాపణ అడగడం తేలికే, వినాల్సి రావడమే కష్టం కాబోలు.

ఆ చక్రం కూడా బాగానే ఉంది. పదీ నలభై. వెంకటపతి తను మొదట అన్నట్టే వెనక్కి నడిచి, కుడి చక్రం ఎత్తి తిప్పాడు. ఇసుక నలిగినట్టు కరకరలాడింది.

"ఇదేనండీ! రిమ్ము కూడా సొట్టపోయింది. దేనికో గట్టిగా తగిలింది."

సాబిరా తల దించుకుంది. "అది నా వల్లేనండి. నేను గట్టుకు కొట్టానని మీరేగా చెప్పారు. నాకైతే గుర్తు లేదు. అప్పట్నుంచి బండి ముట్టుకోలేదు. లైసెన్సు బీరువాలోనే ఉంది. నన్ను మాఫ్ చేయండి."

నదీమ్ మావయ్య ముఖంలోకి చూశాడు. హమీద్ చక్రం వైపు చూశాడు. చక్రం ఏమీ సాయం చేయలేదు.

"అది నువ్వు చేసింది కాదు," అన్నాడు చివరికి. "పెదపారుపూడి దగ్గర ఫోన్లో మాట్లాడుతూ నేనే కల్వర్టుకు కొట్టాను. పరువు పోతుందని నీ మీద పెట్టాను."

వెంకటపతి ఉన్నట్టుండి బోల్టులు లెక్కపెట్టుకోవడంలో మునిగిపోయాడు.

"ఊరంతా తిరిగి అడిగారు," అంది సాబిరా నెమ్మదిగా. "నన్ను అడగలేదేం?"

"నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా అని..."

నదీమ్ వెంకటపతి బైకు మీద గుడివాడ వెళ్ళి కొత్త బేరింగ్ తెచ్చేదాకా భార్యాభర్తలిద్దరూ ఒకే బల్ల మీద, చెరో చివర కూర్చున్నారు. ఇలాంటి మనసుతో కాబాకు ఎదురుగా ఎలా నిలబడటం? విమానం పోతుందన్న భయం కన్నా ఇదే పెద్దదైంది హమీద్‌కు.

ఈసారి బేరింగ్ ప్రెస్ మీదే ఎక్కింది. చక్రం బిగించేసరికి పదకొండూ యాభై. విమానాశ్రయంలో చెకిన్ కౌంటరు ఒంటిగంటకు మూస్తారు.

సాబిరా చెయ్యి చాపింది. "తాళాలు ఇవ్వండి."

"ఇప్పుడా? టైము లేదు సాబిరా..."

"మాఫీ కావాలా, వద్దా?"

హమీద్ తాళాలిచ్చి, పక్క సీట్లో బెల్టు రెండుసార్లు సరిచూసుకున్నాడు. నదీమ్ వెనక సీట్లో వీలైనంత చిన్నగా సర్దుకున్నాడు. కారులో ఏ శబ్దమూ లేదు.

కౌంటరు మూయడానికి పది నిమిషాల ముందే గన్నవరం చేరారు. దారి పొడుగునా కళ్ళు మూసుకుని చేసినంత శ్రద్ధగా హమీద్‌కు మక్కాలో కూడా ప్రార్థన కుదరలేదట.