ఓదెలు తరఫున రాజవ్వ ఊపిరి

జిల్లా పెద్దాసుపత్రి మగవాళ్ల వార్డులో రోగి ఊపిరిని రోగి వెంట వచ్చినవాళ్లే పీల్చాలన్న పద్ధతి వచ్చి చాలాకాలమైంది. స్ట్రెచర్ తోసేది వాళ్లే, సెలైన్ సీసా ఎత్తిపట్టుకునేది వాళ్లే, పక్క దులిపేది వాళ్లే. ఊపిరి ఒక్కటీ ఎందుకు మిగలాలని పైవాళ్లకు తోచింది. ఎవరూ చెయ్యెత్తి కాదనలేదు. ఆ చేతుల్లో సెలైన్ సీసాలున్నాయి మరి.

అలా ఓదెలు ఊపిరి అతని భార్య రాజవ్వ పీల్చేది. సిస్టర్ సువార్త వచ్చి, నాడి చూస్తున్నట్టు రాజవ్వ మణికట్టు పట్టుకునేది. చూపు మాత్రం రొమ్ము మీద. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు గదా!

"నిమిషానికి పద్దెనిమిది. మీ ఆయన మస్తుగున్నడు."

ఆయనేమో ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి ఎగపోస్తున్నాడు.

"సిస్టరమ్మా, జర ఆయన దిక్కు సూడుండ్రి."

"ఆయన దిక్కు సూసుడెందుకవ్వా? ఆయన పేషెంటు."

పక్క మంచం మీది భర్త కోసం నెలల తరబడి పీలుస్తున్న కౌసర్ బీ నవ్వింది. "అరే పాగల్! ఉరికి మెట్లెక్కు. దమ్ము లేస్తే ఆక్సిజన్ పెడ్తరు."

రాజవ్వ చీర దోపుకుని మూడంతస్తులూ ఎక్కి దిగింది. లిఫ్టు ఉంది గానీ అది పెద్దసార్లది. లెక్క నలభై దాటేసరికి వార్డంతా కదిలింది. డాక్టరు వచ్చాడు, సిలిండర్ వచ్చింది, మాస్కు తెచ్చి రాజవ్వ మొహానికి పెట్టారు.

"నాకెందుకు సారూ, ఆయనకు పెట్టుండ్రి!"

"లెక్క ఎవరిదో మాస్కు వాళ్లదే," అన్నాడు డాక్టరు, ధర్మం తప్పకుండా.

రాజవ్వకు సిగ్గేసింది. హాయిగానూ ఉంది. లెక్క మామూలుకు దిగగానే, ఓదెలుకు గండం తప్పిందని మాస్కు పట్టుకుపోయారు.

సాయంత్రానికి ఓదెలు ఎగపోత ఆగింది. రాజవ్వ అతని రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసింది. మళ్లీ పెట్టి చూసింది. ఏడుపు తన్నుకొచ్చింది.

సిస్టర్ సువార్త పరుగున వచ్చింది. "ఏడ్వకవ్వా! ఏడిస్తే దమ్ము లేస్తది. మంచిగున్న మనిషిని నువ్వే సీరియస్ జేస్తవా?"

నిజమే అనిపించింది రాజవ్వకు. కొంగు నోట్లో కుక్కుకుంది. సిస్టర్ మణికట్టు పట్టుకుంటే, ముక్కుతో మెల్లగా పీల్చింది, మెల్లగా వదిలింది.

"పద్దెనిమిది. రేపు ఇంటికి తోల్కపో."

"ముబారక్," అంది కౌసర్ బీ.

రాజవ్వ తలూపి, చల్లబడుతున్న ఓదెలు కాళ్ల మీద దుప్పటి సర్ది, అతని వంతు గాలి పీలుస్తూ కూర్చుంది.