మంత్రిగారి తరఫున జర్మన్

దుబాసీలను నమ్ముకుని దేశం నష్టపోయింది చాలని, నలభై రోజుల్లో రాబోయే జర్మన్ కంపెనీవాళ్లతో తాను వాళ్ల భాషలోనే మాట్లాడతానని పరిశ్రమల మంత్రిగారు ప్రకటించారు. పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. అంతటి పట్టుదల గల మనిషి ఈ మధ్య కాలంలో పుట్టలేదు. పుట్టినా మంత్రి కాలేదు.

ఈ మహత్కార్యానికి భాషల కాలేజీ నుంచి జర్మన్ టీచరమ్మను పిలిపించారు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్న మనిషి. ఏటా గడువు ముగిసే నెలలో ఆవిడకు అన్నం సహించదు. అతిథుల ముందు మంత్రిగారి నోట పది జర్మన్ వాక్యాలు వినిపిస్తే ఉద్యోగం పర్మనెంట్ అని కార్యదర్శిగారు సూటిగా చెప్పేసరికి ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికెళ్లి చెబితే, ఆర్డరు చేతికొచ్చాక సంతోషిస్తానంది వాళ్లమ్మ. ఆ పెద్దావిడ చాలా ప్రభుత్వాలను చూసింది.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ మంత్రిగారింటికి వెళ్లి, మనిషి తనకు తాను చేసుకునే పనులతో పాఠం మొదలుపెట్టింది.

"కడుక్కుంటాను, దువ్వుకుంటాను అంటాం కదండీ. మనం 'కొను' చేర్చినట్టే వాళ్లు 'మిష్' అని చేరుస్తారు. ఇష్ వాషె మిష్. అంటే, నేను కడుక్కుంటాను."

మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. ఒకాయన గడ్డం గీస్తున్నాడు, ఒకాయన తల దువ్వుతున్నాడు, ఇంకొకాయన కాలికి మేజోడు తొడుగుతున్నాడు.

"ఇందులో నేను చేసుకునేది ఏముందమ్మా?" అని అడిగారు మంత్రిగారు, ఎంతో నిజాయితీగా.

అబద్ధమంటే గిట్టని మనిషి. అందుకని ఏ పని ఎవరు చేస్తున్నారో ఆ వాక్యం వాళ్లకే అప్పగించారు. కడుక్కోవడం పీఏకి పోయింది, దువ్వుకోవడం డిప్యూటీకి, తొందరపడటం డ్రైవరుకి. సిగ్గుపడటం, పొరబడటం, క్షమాపణ చెప్పుకోవడం అనే మూడు క్రియలు వచ్చేసరికి మాత్రం ఫైలు న్యాయశాఖకు వెళ్లింది. ప్రభుత్వంలో ఉన్నవాళ్లు వీటిని ఏ భాషలోనూ వాడిన దాఖలాలు లేవని అక్కణ్ణుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చింది. చివరికి ఆ మూడింటినీ ఇంకో నెలలో రిటైరయ్యే గుమాస్తాకు కట్టబెట్టారు. ఆయనకు పోయేదేమీ లేదు కనక హాయిగా ఒప్పుకున్నాడు.

అలా తొమ్మిది పంచగా, 'సంతోషిస్తున్నాను' అనే వాక్యం ఒక్కటి మంత్రిగారికి మిగిలింది. ఇష్ ఫ్రోయె మిష్. దాన్ని ఆయన అద్భుతంగా పలికేవారు.

టీచరమ్మ తొమ్మిది వాక్యాలు వేరేవాళ్లు చెబితే లెక్కలోకి వస్తాయా అని కార్యదర్శిని అడిగింది. మంత్రిగారి తరఫున అన్నారంటే మంత్రిగారు అన్నట్టేనని ఆయన అభయమిచ్చారు. ప్రభుత్వం నడుస్తున్నదే అలాగట.

నలభయ్యో రోజు రానే వచ్చింది. హాలు నిండా పత్రికలవాళ్లు. వేదిక వెనక తెర చాటున మైకు పట్టుకుని ఉద్యోగులు వరసగా నిలబడ్డారు. అతిథుల కుర్చీలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. కార్యదర్శిగారు చెమటలు తుడుచుకుంటూ టీచరమ్మకు ఒక ఉత్తరం ఇచ్చారు. జర్మన్‌లో ఉంది. వచ్చి ఇరవై రోజులైంది. అన్ని టేబుళ్లూ తిరిగింది. ఎవరి క్రియను వాళ్లు గుర్తుపట్టి, కింద గీత గీసి, సంతకం పెట్టి పైకి పంపారు.

ఫ్యాక్టరీ వేరేచోట పెట్టుకుంటున్నాం, రాలేకపోతున్నందుకు క్షమాపణలు అని ఉందందులో. 'క్షమాపణలు' కింద గుమాస్తాగారి గీత చాలా తిన్నగా ఉంది.

"అప్పుడే నాకు చూపించాల్సింది కదండీ," అంది టీచరమ్మ నీరసంగా.

"మీకు చూపిస్తే, మంత్రిగారికి జర్మన్ రాదనుకోరూ?" అన్నారు కార్యదర్శి.

అతిథులు లేకపోతే ఆర్డరూ లేదు. ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ. మంత్రిగారు మాత్రం చలించలేదు. జర్మన్ వచ్చినవాళ్లు ఈ హాల్లో ఒక్కరూ లేరా అని అడిగారు. తెర చాటున ఉన్న ఉద్యోగులంతా టీచరమ్మ వైపు చూశారు.

అయిదు నిమిషాల్లో ఎవరిదో పొడుగు కోటు, ఎవరిదో టోపీ, మంత్రిగారి నల్లకళ్లద్దాలు వచ్చేశాయి. పదకొండేళ్ల ఆశ మనిషి చేత ఏమైనా చేయిస్తుంది. ఆవిడ అవన్నీ తగిలించుకుని వెళ్లి అతిథి కుర్చీలో కూర్చుంది. మంత్రిగారు పెదవులు కదిపారు, తెర వెనక నుంచి తొమ్మిది వాక్యాలూ గట్టెక్కాయి, పదోది స్వయంగా పలికారు. హాలు మారుమోగింది.

బదులుగా నాలుగు మాటలు చెప్పమని మైకు ఇస్తే, టీచరమ్మ లేచి చక్కటి జర్మన్‌లో తన కాంట్రాక్టు సంగతి, గడువు నెలలో పడే బాధ, ఇస్తామన్న ఆర్డరు సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతూ చెబుతూ నల్లకళ్లద్దాల కిందికి వేళ్లు పోనిచ్చి కళ్లు తుడుచుకుంది.

"ఇష్ ఫ్రోయె మిష్," అన్నారు మంత్రిగారు.

మర్నాడు పత్రికల్లో పెద్ద ఫొటో వచ్చింది. మంత్రిగారి జర్మన్ విని విదేశీ ప్రతినిధి కంటతడి పెట్టారని కింద రాశారు. టీచరమ్మ తలంటి పోసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, ఆర్డరు కోసం కార్యదర్శి గదికి వెళ్లింది.

కార్యదర్శిగారు పత్రికలోని ఫొటోను చూశారు. ఆవిడ మొహాన్ని చూశారు. మళ్లీ ఫొటోను చూశారు. ఎంతో మర్యాదగా లేచి నిలబడ్డారు.

"పర్మనెంట్ పోస్టు ఇక్కడి పౌరులకేనమ్మా. విదేశీయులకు ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవు," అన్నారు. "అయినా పాపం, అంత దూరం నుంచి వచ్చారు. కాంట్రాక్టు మీదయితే చూద్దాం."